నిలిచిన కాపురము, నిలుపబడిన కాపురము

షష్టిపూర్తి జరుగు తెలుగు ఇంటిలో ఒక ప్రశ్న తప్పక వినబడును. అరువదేండ్లు నిండిన గృహస్థును, అతని యిల్లాలిని మరల పీటలపై కూర్చుండబెట్టుదురు. మామిడాకుల తోరణములు, మేళతాళములు, క్రొత్తబట్టలు అన్నియు పెండ్లినాటివే. కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రు చుట్టును నిలిచియుండగా, మనుమలు చప్పట్లు చరచుచుండగా, ఆయన ఆమె మెడలో మరల మంగళసూత్రము కట్టును. భోజనములకు లేచుటకు ముందు చుట్టములలో ఎవరో ఒకరు చనువుతో అడుగుదురు: "ఇన్నేళ్ళ కాపురానికి రహస్యం ఏమిటి, బాబాయిగారూ?" ఆయన చిరునవ్వు నవ్వి, "నాదేముందిరా, అంతా మీ పిన్ని ఓర్పే" అని బదులు చెప్పును. అందరును సంతోషింతురు. అప్పటికే ఆ పిన్నిగారు పీట మీదనుండి లేచి, పంక్తిలో అందరికిని పెరుగు అందినదో లేదో చూచుటకు లోనికి పోయియుండును.

ఆ సమాధానములో వినయమున్నది. ప్రేమయు ఉండవచ్చును. కాని అందులో ఒక ఒప్పుకోలు కూడ దాగియున్నదని వినువారిలో ఎవరికిని తట్టదు. ఓర్పు కావలసి వచ్చినదనగా, ఓర్వవలసినది ఏదియో ఉండెనన్నమాట. అది ఏమి, దానిని పెట్టినవారెవరు, పడినవారెవరు అని అడుగుట ఆ శుభసమయమున మర్యాద కాదు. అందుచేత ప్రశ్న అక్కడితో ముగియును. ఓర్పు ఒకరిది, కీర్తి ఇద్దరిది అయి విందు సాగిపోవును.

దీర్ఘకాలము కలిసి బ్రతికిన దంపతుల వద్ద నేర్చుకొనవలసినది చాల కలదు. ఈ మాటను కాదనువారు లేరు. అయితే వారివద్ద నేర్చుకొనబోవువారు ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. నిలిచిన కాపురము వేరు. నిలుపబడిన కాపురము వేరు. రెండింటికిని సంవత్సరముల లెక్క ఒక్కటే. రెండింటికిని షష్టిపూర్తి ఒక్కతీరుననే జరుగును. లోపలి సంగతి మాత్రము ఒక్కటి కాదు.

తాళము వేసిన గదిలో ఇద్దరు నలువదేండ్లు ఉండిరనిన, అది వారి అనురాగమునకు సాక్ష్యము కాజాలదు. తలుపు తెరచియున్నను వారు అక్కడనే ఉండిరనిన, ఆ మాటకు విలువ కలదు. తెలుగుదేశమున ఈ తలుపు ఎప్పుడు తెరువబడినదో చూచినచో పూర్వుల కాపురములను గూర్చిన పొగడ్తలలో ఎంత తీసివేయవలెనో తెలియును. ఆచారము అనుమతించిన కొన్ని కులములను విడిచినచో, హిందూ స్త్రీకి వివాహమునుండి బయటపడు మార్గము చిరకాలము లేకుండెను. పురుషుడు మాత్రము ఒక భార్య యుండగనే మరియొకతెను చేసికొనగలిగెడివాడు. ద్విభార్యాత్వమును నిషేధించి, విడాకులకు అవకాశము నిచ్చు శాసనము మద్రాసు రాష్ట్రమున 1949లో వచ్చెను. హిందూ వివాహచట్టము 1955లో వచ్చెను. ఆస్తిపై స్త్రీకి సంపూర్ణమైన హక్కు నిచ్చిన వారసత్వ చట్టము 1956 నాటిది. ఇరువురును ఒప్పుకొని విడిపోవుటకు వీలు కలిగినది 1976 సవరణతోనే. అంతకు పూర్వపు స్త్రీ భర్తను విడువలేదనిన, విడిచి ఎక్కడికి పోగలదను ప్రశ్నను ముందు వేసికొనవలెను. పుట్టింట చోటు లేదు; చేత విద్య లేదు; తనదనదగిన నేల లేదు. అట్టివేళ నిలిచియుండుటను ప్రేమయని పిలుచుట, పంజరములోని చిలుక ఎగిరిపోలేదని దాని విశ్వాసమును మెచ్చుకొనుట వంటిది.

ఇట్లనినంత మాత్రమున ఆ కాపురములలో ప్రేమ లేదని కాదు. ఎన్నియో ఇండ్లలో అది నిండుగా ఉండెను. ఉండెనని చెప్పుటకు సంవత్సరముల సంఖ్య చాలదనియే వాదము. వేరు గుర్తు కావలెను.

పెండ్లితంతులోనే ఆ గుర్తు కొంత దొరకును. కన్యాదాన సమయమున వధువు తండ్రి వరుని ఒక మాట అడుగును. ధర్మమునందును, అర్థమునందును, కామమునందును ఈమెను అతిక్రమింపరాదని ఆతని కోరిక. అతిక్రమింపనని వరుడు అందరియెదుట బదులిచ్చును. ఇచ్చట గమనింపవలసినది, మాట ఇచ్చినవాడు పురుషుడు. వధువును అక్కడ ఎవరును ఏమియు అడుగరు. ఆమె ఏమియు చెప్పదు. చిత్రమేమనగా, లోకము ఆ మాటను మగవాని నోట పలికించి, దాని బరువును ఆడుదాని తలపై పెట్టినది. కాపురము చెడినచో "సర్దుకొనలేకపోయినది" అని ఆమెనందురు. నిలిచినచో "ఓర్పుగలది" అని ఆమెనే అందురు. మాట ఇచ్చినవాడు దానిని నిలుపుకొన్నాడా అని విచారించు ఆచారము మాత్రము ఏర్పడలేదు. సప్తపదిలో ఏడవ అడుగుతో ఇరువురును సఖులగుదురని పెద్దలు చెప్పుదురు. సఖ్యమనగా సమానుల నడుమ నిలుచునది. ఒకరు నడచుట, ఒకరు వెంబడించుట మాత్రమే అయినచో అది ప్రయాణమగునేమో గాని సఖ్యము కాదు.

మాట ఎంత అందమైనదైనను, మాట మాత్రమే చాలదని చెప్పిన మహాకవి ఒకడున్నాడు. భవభూతి ఉత్తరరామచరితమున మొదటి అంకములో, చిత్రపటములను చూచి అలసిన సీత రాముని భుజముపై తల యుంచి నిద్రించును. ఆమెను చూచుచు రాముడు, ముదిమి వచ్చినను సారము తరుగని దాంపత్యస్నేహమును గూర్చి పలుకును. సంస్కృత వాఙ్మయమున దాంపత్యమును గూర్చి అంతటి మాట మరియొకటి కలదా అని రసికులు తలయూచుదురు. కాని కవి ఆ పలుకులను ఎక్కడ పెట్టెనో చూడవలెను. కొన్ని క్షణములలో దుర్ముఖుడను చారుడు లోకాపవాదమును రాముని చెవిని వేయును. సీతను విడుచుటకు రాముడు అప్పుడే నిశ్చయించును. ఆమె ఇంకను నిద్రలోనే యున్నది. తన జీవితమును గూర్చిన ఆ నిర్ణయములో ఆమెను అడిగినవారు లేరు. రాముని ప్రేమ అబద్ధమని భవభూతి చెప్పలేదు. తరువాతి అంకములలో ఆ దుఃఖమును చూచినవారెవరును అట్లనజాలరు. నిజమైన ప్రేమకూడ, ఎదుటివారిని అడుగుట మరచినచో, ఎంత అన్యాయము చేయగలదో ఆ రంగము చూపుచున్నది.

అడుగుట అను ఈ చిన్న పనియే దీర్ఘదాంపత్యమునకు గీటురాయి. దీనిని నిదర్శనములతో చూచుట మేలు.

కందుకూరి వీరేశలింగము, రాజ్యలక్ష్మమ్మల వివాహము 1861లో జరిగెను. ఇద్దరును పిల్లలే. ఆమె 1910లో మరణించువరకు, సుమారు 49 సంవత్సరములు, ఆ కాపురము సాగెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆయన మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఊరిలో చాలభాగము ఎదురు తిరిగినది. వెలి వేసిరి. వంటవారు రామనిరి, నీళ్ళు తెచ్చువారు మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరినుండి నీరు మోసి, తానే వండి వడ్డించెను. దిక్కులేని వితంతువులకు ఆమె ఇల్లే పుట్టిల్లయ్యెను. సంస్కరణోద్యమ చరిత్రలలో ఉపన్యాసములకు, ఖండనములకు, పత్రికలకు పెద్దపీట వేయుదురు. కాని ఆ ఉద్యమమునకు బియ్యము, నీళ్ళు, పడకచోటు కూడ కావలసియుండెను. రాజ్యలక్ష్మమ్మ కాదనియున్నచో అది వంటింటి గడపదాటి ముందుకు రాకపోయెడిది.

దీనిని కూడ ఓర్పుక్రిందనే జమకట్టి ఊరకొనుట సులభము. అది సరికాదు. ఓర్చుకొనువారు కష్టమును తలవంచి భరింతురు. ఆమె బిందె నెత్తికెత్తుకొని, వెలివేసినవారి కన్నులయెదుటనే వీథిలో నడచెను. భర్త పని తన పని అయినగాని అట్టి నడక రాదు. అయినను ఇచ్చట ఒక లోటు మిగిలియున్నది. వీరేశలింగముగారు తమ జీవితమును తామే విపులముగా వ్రాసికొనిరి. రాజ్యలక్ష్మమ్మ ఎట్టిదో ఎక్కువగా ఆయన వ్రాతలవలననే లోకమునకు తెలిసినది. ఆ 49 ఏండ్ల కథను ఆమె చెప్పియున్నచో ఎట్లుండెడిదో ఊహింపవలసినదే. ఎంతటి ఆదర్శ దాంపత్యమైనను ఒకరి నోటనే వినబడినచో సగము మాత్రమే వినబడినట్లు.

ఆ రెండవ సగము కొంత వినబడిన కాపురము గాంధీ, కస్తూరిబాయిలది. పదమూడేండ్ల వయస్సున పెండ్లియాడిరి. 1944 ఫిబ్రవరి 22వ తేదీన పూనాలోని ఆగాఖాన్ భవనమున, నిర్బంధములో, కస్తూరిబా కన్నుమూయువరకు వారి దాంపత్యము అరువదేండ్లకు పైగా సాగెను. ఆ కాపురము మొదటినుండియు చక్కనిదని గాంధీ ఎన్నడును చెప్పికొనలేదు. అనుమానపు భర్తగా తాను ఆమెను ఎంత బాధించెనో ఆత్మకథలో తానే వ్రాసెను. 1898 ప్రాంతమున డర్బనులో జరిగిన సంగతి ప్రసిద్ధము. ఇంటిలో ఉండు గుమాస్తాల మూత్రపాత్రలను కడుగుట ఇంటివారి వంతు. అందొకడు అంటరానివారుగా ఎంచబడిన కుటుంబమున పుట్టినవాడు. అతని పాత్రను కస్తూరిబాయి కన్నీళ్ళతో ఎత్తెను. ఆ పనిని నవ్వుచు చేయవలెనని భర్త గద్దించెను. మాట మాట పెరిగి ఆయన ఆమె చేయిపట్టి గేటువరకు ఈడ్చుకొనిపోయి తలుపు తీయబోయెను. సిగ్గులేదా, ఈ పరాయిదేశమున నాకు దిక్కెవరు, ఎక్కడికి పోదునని ఆమె అడిగెను. ఆయన తలవంచుకొని తలుపు మూసెను.

ఆ దినమున ఇద్దరియందును తప్పున్నది. సాటిమనిషి పాత్రను ముట్టుటకు ఏవగించుట తప్పు; మంచిపనిని దౌర్జన్యముతో చేయింపబూనుట అంతకంటె పెద్ద తప్పు. ఇచ్చటి పాఠము గేటు మూయుటలో నున్నది. కోపమున లేచిన చేయి, సిగ్గుపడి దిగినది. ఆ సిగ్గును ఆయన దాచుకొనలేదు. ఏండ్ల తరువాత లోకమంతయు చదువునట్లు వ్రాసెను. తప్పు చేయని భర్తగాని, తప్పు చేయని భార్యగాని ఏ ఇంటను లేరు. చేసిన తప్పును తప్పని పేరుపెట్టి పిలువగలవారే అరుదు. పెక్కు కాపురములు కలహములవలన చెడవు; ఒప్పుకొనని కలహములు అడుగున పేరుకొనుటవలన చెడును.

ఆ కథకు తరువాయి 1913లో జరిగెను. ఆ యేడు దక్షిణాఫ్రికాలో ఒక న్యాయస్థానము క్రైస్తవవిధిని జరుగని వివాహములకు చట్టరీత్యా గుర్తింపు లేదని తీర్పు చెప్పెను. ఒక్క వ్రేటుతో వేలకొలది భారతస్త్రీలు భార్యలు కాకుండపోయిరి. సత్యాగ్రహములో చేరి చెరసాలకు పోవుటను గూర్చి గాంధీ ఇతర స్త్రీలతో మాటలాడెను గాని కస్తూరిబాయితో మాటలాడలేదు. భర్త చెప్పినాడని ఒప్పుకొని తరువాత బాధపడునేమో యని ఆయన సంకోచము. ఆ సంభాషణ ఆమె చెవిని పడినది. నన్నేల అడుగలేదు, నాయందు ఏ లోపమున్నదని ఆమె నిలవేసెను. తరువాత తానై చెరసాలకు పోయెను. డర్బనులో గేటువద్ద "ఎక్కడికి పోదు" నని అడిగిన ఇల్లాలు, పదునైదేండ్లకు "నన్నేల అడుగలేదు" అని అడిగినది. ఈ రెండు ప్రశ్నలకు నడుమనున్న దూరమే ఆ దాంపత్యము సాధించిన పెంపు. మొదటిది దిక్కులేని స్త్రీ ప్రశ్న. రెండవది సమానురాలి ప్రశ్న.

విడిపోవుటయే దాంపత్యమునకు శత్రువని తలచువారు దుర్గాబాయమ్మ జీవితమును తలచుకొనవలెను. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన ఆమెకు ఎనిమిదేండ్ల వయస్సున పెండ్లి చేసిరి. తెలివివచ్చిన పిమ్మట ఆ వివాహము తనకు సమ్మతము కాదని చెప్పి, కాపురమునకు పోక, ఆతనిని మరియొకరిని పెండ్లియాడవలసినదని కోరెను. ఆ దినములలో అది సామాన్యమైన ధైర్యము కాదు. తరువాత ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదివి న్యాయవాదియై, రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలై, 1953లో చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖును వివాహమాడెను. ఇద్దరికిని యౌవనము దాటినది. ఎవరి బ్రతుకు, ఎవరి పని వారికున్నది. ఆమె 1981లో మరణించువరకు ఆ సాహచర్యము నిలిచినది. తన స్వీయచరిత్రకు ఆమె పెట్టిన పేరులో భర్త పేరును, తానును పక్కపక్కనే కలరు. అడుగక కట్టిన ముడిని ఆమె విప్పుకొనెను. అడిగి ఒప్పుకొన్న ముడిని తుదివరకు నిలుపుకొనెను. బంధమునందు గౌరవము లేనివారు రెండవదానిని అట్లు నిలుపుకొనజాలరు.

మంత్రము, అగ్నిసాక్షి, దైవభయము లేనిదే దాంపత్యము నిలువదను మరియొక నమ్మకము కలదు. దానికి సమాధానము కృష్ణాజిల్లాలోనే యున్నది. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు, సరస్వతీదేవుల వివాహము 1922లో జరిగెను. అప్పటికి ఆమెకు పదేండ్లు. ఆయన పూర్తిగా నాస్తికుడయ్యెను. ఆమె వెనుకనుండక పక్కన నడచెను. గర్భిణి చూడరాదన్న గ్రహణమును చూచెను. 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును కలిసి నెలకొల్పిరి. 1947లో దానిని విజయవాడకు తరలించిరి. స్వాతంత్ర్య సమరములో ఇద్దరును చెరసాల చూచిరి. ఆయన 1975లో పోయిన పిమ్మట, 2006లో తాను కన్నుమూయువరకు, ఆమె ఆ కేంద్రమునకు పెద్దదిక్కై నిలిచెను. వారి నాస్తికతను ఒప్పుకొనువారు ఒప్పుకొందురు, ఒప్పుకొననివారు ఒప్పుకొనరు. ఇచ్చట ఆ వివాదముతో పని లేదు. పెండ్లినాటి మంత్రములపై నమ్మకము పోయిన తరువాత కూడ ఆ పెండ్లి అర్ధశతాబ్దికి పైగా నిలిచినది. దానిని నిలిపినది ఇద్దరును తమదని ఒప్పుకొన్న పని.

ఈ దంపతులందరును పేరుగలవారు గదా, సామాన్యుల ఇండ్లలో చెరసాలలు, ఉద్యమములు ఎక్కడివని అడుగవచ్చును. సామాన్యుల పరీక్ష మరియొక రూపమున వచ్చును. ఉద్యోగవిరమణ అట్టిది. ముప్పదియైదేండ్లు ఉదయమున పోయి సాయంత్రమున వచ్చిన మనిషి, ఒకనాడు పూలదండతో ఇంటికి వచ్చి మరి కదలడు. పిల్లలు హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోయియుందురు. నేడు గుంటూరు, విజయవాడ, కాకినాడ వంటి పట్టణములలో వీథివీథిని ఇట్టి ఇండ్లు కలవు. పెద్ద ఇంటిలో ఇద్దరే. మాటలాడుటకు పిల్లల చదువు లేదు, పెండ్లిసంబంధములు లేవు. నలువదేండ్లు పక్కపక్కన నడచినవారు మొదటిసారి ఎదురెదురుగా కూర్చుందురు. అప్పుడు తేలును. కొందరికి చెప్పుకొనుటకు ఏమియు మిగిలియుండదు. దూరదర్శనపు చప్పుడు ఆ కొరతను కప్పును. మరికొందరిలో ఆయన మొదటిసారి వంటింటిలోనికి పోయి, కాఫీపొడి డబ్బా ఎక్కడున్నదని అడుగును. నలువదేండ్లకు అడిగినాడని నవ్వవచ్చును. అయినను అడిగినాడు.

అట్టి ఇండ్లలో చూడదగిన చిన్న పనులు కలవు. ఆమె మోకాళ్ళ నొప్పికి మందురాయుచు నేల కూర్చున్న ముసలివాడు. ఆయనకు వినబడని మాటను విసుగక రెండవసారి చెప్పు ముసలిది. ఒకరి మాత్రలవేళ ఒకరికి గుర్తుండుట. ఒకరు భోజనమునకు లేవనిదే ఒకరు విస్తరిముందు కూర్చుండకుండుట. ఇవి చూచి కన్ను చెమర్చనివారు లేరు. కాని అక్కడకూడ ఒక్క క్షణము ఆగి చూడవలెను. ఈ పనులు రెండువైపులనుండి వచ్చుచున్నవా, ఒక్కవైపునుండియేనా? ఆమె జ్వరముతో పడియున్ననాడు ఆయన గంజి కాచునా, లేక ఆమెయే లేచి కాచవలెనా? రెండువైపుల వచ్చునది ప్రేమ. ఒక్కవైపుననే వచ్చునది ఊడిగము. ఎంత ఆప్యాయముగా చేసినను అది ఊడిగమే.

ఈనాటి యువతీయువకులు చిన్నమాటకే విడిపోవుచున్నారని, ఓపిక నశించినదని పెద్దలు వాపోవుదురు. ఆ మాటలో నిజమున్నది. ఒక్క కలహమును చూచి మనిషినంతను తూచుట పొరపాటు. కలిసి బ్రతుకుట నేర్చుకొనుటకు ఏండ్లు పట్టును. ఏండ్లు పట్టునని తెలిసినవారు పెద్దలే. కోపము చల్లారువరకు ఆగుట, ఎదుటివారి పుట్టింటిని మాటలోనికి లాగకుండుట, నలుగురిలో చిన్నపుచ్చకుండుట, చెప్పవలసినది చెప్పియే నిద్రపోవుట వంటివి గ్రంథములలో దొరకవు. అనుభవజ్ఞుల ఇండ్లలోనే దొరకును. వీనిని పిల్లలు నేర్వక పోగొట్టుకొన్నచో నష్టము వారిదే.

అయితే పెద్దలు వీనిని నేర్పు తీరు మారవలెను. "మేము సర్దుకొనలేదా" అని గద్దించుట వలన ప్రయోజనము లేదు. సర్దుకొన్నది ఎవరో పిల్లలు చూచినారు. వంటింటిలో రాత్రివేళ తల్లి తుడుచుకొన్న కన్నీళ్ళను కూతుండ్రు చూచినారు. చూచియే అట్టి బ్రతుకు తమకు వలదనుకొన్నారు. వారిలో లోపించినది ఓపికయని అనుటకు ముందు, వారు భయపడినది దేనికో తెలిసికొనవలెను. తాత తన మనుమనికి చెప్పవలసినది నలువదేండ్లు కలిసియున్నామను లెక్క కాదు. "ఫలానియేడు మీ నాయనమ్మను నేను నొప్పించితిని, అది తప్పని తెలియుటకు నాకు పదేండ్లు పట్టినది" అని చెప్పగలిగినచో, ఆ ఒక్కమాట నూరు హితోపదేశముల పెట్టు. విన్న పిల్లవానికి రెండు సంగతులు తెలియును: కాపురములో తప్పులు జరుగును, జరిగిన తప్పును దిద్దుకొనవచ్చును. మొదటిది తెలియనివాడు తొందరపడి విడిపోవును. రెండవది తెలియనివాడు విడిపోకుండగనే ఇంటిని నరకము చేయును.

తలుపు తెరచియున్న ఈ కాలము దాంపత్యమునకు అపాయమని కొందరికి తోచుచున్నది. నిజమునకు ఇదియే దానికి గౌరవము తెచ్చుకాలము. నేడు పాతికేండ్లు కలిసియున్నవారు, పోగలిగియు పోలేదు. చట్టమున్నది, చదువున్నది, సంపాదనయున్నది. అయినను సాయంత్రమున అదే ఇంటికి వచ్చుచున్నారు. అట్టివారి పాతికేండ్లు, గత్యంతరము లేక గడచిన యేబదేండ్లకంటె తక్కువవి కావు. ఇంకను ఎందరో స్త్రీలకు ఆ తలుపు కాగితముమీదనే తెరువబడినదను సంగతియు మరువరాదు. చేత కాసు లేనివారికి, పుట్టింటివారు రానీయనివారికి చట్టము దూరపు చుట్టమే. వారి విషయమున లోకము చేయవలసినది ఓర్పును మెచ్చుకొనుట కాదు. ఆ తలుపును నిజముగా తెరచుట.

ఇక షష్టిపూర్తి పందిటికి మరల పోవలెను. ఆ ఉత్సవము మానవలసిన పని లేదు. ఇద్దరు మనుష్యులు ఇంతకాలము ఒకరికొకరు తోడుగా నుండుట పండుగ చేసికొనదగిన సంగతియే. మారవలసినది ఒక్కటే. రహస్యమేమని అడుగుచుట్టములు బాబాయిగారి వద్దనే ఆగిపోరాదు. ఆమె లోనికి పోకముందే, పెరుగు సంగతి ఇంకొకరికి అప్పగించి, "మీరేమంటారు, పిన్నిగారూ?" అని అడుగవలెను. ఆమె సిగ్గుపడవచ్చును, నవ్వి తప్పించుకొనవచ్చును, ఎన్నడును అడుగనివారిని అడిగినప్పుడు మాట వెంటనే రాదు. వచ్చువరకు వేచియుండవలెను. ఆమె తరపున ఆయన బదులు చెప్పరాదు. ఆమె ఏమి చెప్పినను, చివరివరకు ఆయన తలయెత్తి వినగలిగినచో, ఆ కాపురము నిలిచినదని నిస్సంశయముగా చెప్పవచ్చును.